గుర్తు చెక్కిన దుంగ

నాలుగో రోజు ఉదయం కూడా సైమి తన చిన్నకొడుకు కౌకో పోసిన కాఫీని ముట్టుకోలేదు. కప్పును బల్ల అంచుదాకా నెట్టి, కిటికీవైపు తిరిగి కూర్చుంది. ఆమెకు ఎనభై నాలుగేళ్ళు. అంత కోపంలోనూ చుక్క ఒలకనివ్వలేదు.

కౌకో ఆ కప్పందుకుని నిలబడే తాగేశాడు.

"వదినా, మీ అత్తగారితో చెప్పు. ఇంకా మూడు ట్రిప్పులున్నాయి. దారి మెత్తబడేలోపు దుంగలన్నీ రోడ్డు పక్కకి చేరిపోతాయి."

"ఆవిడ ఇక్కడే ఉంది కదా, కౌకో," అంది ఐలా.

"ఉంది. చెవులూ ఉన్నాయి. నా గొంతు పట్టే చెవులే లేవు."

సైమి కిటికీలోంచి చూపు మరల్చకుండా అంది: "ఐలా, ఆ మనిషితో చెప్పు. కర్ర రోడ్డెక్కిన రోజునే తనూ రోడ్డెక్కుతానన్నాడు. మాట మీద నిలబడమను."

"నేనన్నానా? నువ్వు పొమ్మన్నావు, నేను సరేనన్నాను."

"పొమ్మంటే సరేననడం కూడా వచ్చేసింది వాడికి. యాభై అయిదేళ్ళలో ఒక్క పనికి సరేనన్నాడు, అదీ ఇది."

గురువారం నుంచి ఇంట్లో మాటలన్నీ ఇలా ఐలా మీదుగానే ప్రయాణం చేస్తున్నాయి. తలుపు పక్కన కౌకో సంచీ సర్దేసి ఉంది. కజానీ పట్నంలో ఎవరో స్నేహితుడు యంత్రాల షెడ్డులో పని చూపిస్తానన్నాడట. మధ్యాహ్నం బస్సు.

గురువారం జరిగినదాన్ని రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. రోడ్డు పక్కన ట్రైలర్ మీది దుంగలు దించుతూ ఉండగా క్రేన్ పంజాలో ఒక పైన్ దుంగ తిరగబడింది. దాని మీద చెక్కిన రెండు అక్షరాలూ, కిందటి అక్టోబరు తేదీ, మంచు మీద జారే స్లెడ్జి తోసుకుంటూ కాఫీ ఫ్లాస్కు తెచ్చిన సైమి కళ్ళ ముందు గాలిలో వేలాడాయి.

అది ఆమె పెద్దకొడుకు అర్వో చెట్టు. ఐలా భర్త చెట్టు.

శవపేటిక చర్చికి వెళ్ళే దారిలో ఒక చెట్టుకు కింది కొమ్మలు నరికి, పోయినవాడి గుర్తు చెక్కడం సావో ప్రాంతపు పాత ఆచారం. ఆ చెట్టును కర్సిక్కో అంటారు. పోయినవాడు ఎప్పుడైనా ఇంటిదారి పడితే, మలుపులో తన గుర్తు తానే చదువుకుని, తాను చనిపోయిన సంగతి జ్ఞాపకం తెచ్చుకుని వెనుదిరుగుతాడని నమ్మకం. చనిపోయినవాడికి చదువు మిగులుతుందా, చీకట్లో అక్షరాలు కనిపిస్తాయా అన్న ప్రశ్నలు ఆచారం వేసుకోదు.

అర్వో బతికుండగా ఆ ప్రశ్నలు వేసేవాడు. అయినా అక్టోబరులో తల్లి పట్టుబట్టింది. తమ్ముడు చెక్కాడు. పాస్టరు చూడనట్టు టోపీ సర్దుకున్నాడు.

"రిబ్బను ఎర్రగా ఉంది, కొట్టేశాను," అని గురువారం కౌకో ఒప్పుకున్నాడు. ఈ అడవిలో ఎర్ర రిబ్బను కట్టిన చెట్టు కొట్టాల్సింది, నీలం రిబ్బను కట్టినది ఉంచాల్సింది. ఆ పైన్‌కు రిబ్బను కట్టింది సైమి.

నిజానికి చెట్టును కొట్టింది కౌకో కాదు, ఐలా. ఇన్ని చెట్లలో దీన్నీ తానే కొట్టానని కౌకో పొరబడ్డాడనీ, అసలు సంగతి ప్రపంచంలో తనొక్కతెకే తెలుసుననీ ఆమె లెక్క.

"వస్తున్నావా వదినా? క్రేన్ లివర్ల దగ్గర మనిషి లేకపోతే పని రెండింతలవుతుంది," అంటూ కౌకో చేతితొడుగులు తీసుకున్నాడు.

ఐలా లేచింది. సైమి కిటికీతో అన్నట్టు అంది: "చర్చి మలుపు దగ్గర నెమ్మదిగా పొమ్మను. అక్కడ ఇప్పుడు ఆపేది ఏమీ లేదు."

*

రాత్రి చలికి బిగుసుకున్న బండిదారి ఉదయం పదకొండు దాకా ట్రాక్టరును మోస్తుంది. ఆ తర్వాత మార్చి ఎండకు కింది నుంచి మెత్తబడుతుంది. ఈ వారం దాటితే ఏప్రిల్ బురద. అందులోకి చక్రం దిగితే వేసవి దాకా దుంగలూ అక్కడే, మనుషులూ అక్కడే.

ట్రైలర్ చిన్నది. నాలుగు చక్రాలు, పక్కలకు నిలువు కడ్డీలు, ముందు ఇనుప జాలీ, జాలీ వెనక నాలుగు మీటర్లు చాచగలిగే క్రేన్. పెద్ద యంత్రం ఒక పూటలో లాగేసే కర్రను ఇది వారం రోజులు మోస్తుంది. కానీ చెట్ల మధ్య నుంచి ఒక్క బెరడూ గీసుకోకుండా వెళుతుంది. పదిహేడేళ్ళ క్రితం అర్వో దీన్నే కావాలని తెచ్చాడు. లివర్ల పని ఐలాకు నేర్పింది అతనే.

"ఊతకాళ్ళు దించు," అన్నాడు కౌకో ట్రాక్టరు దిగుతూ. "ఆ పక్క కాలు కింద మొద్దుముక్క పెట్టాను, మంచులోకి దిగబడదు."

ట్రైలర్ ఒరగకుండా నిలిపే ఊతకాళ్ళను ఐలా దించింది. క్రేన్ చాచింది. పంజా మొదటి దుంగను నడిమికన్నా కాస్త మొదలువైపుగా పట్టుకుంది. అలా పడితే దుంగ తిరగదు. లావు దుంగలు అడుగున, మొదళ్ళన్నీ జాలీకి ఆనించి, సన్నవి పైన. ఈ వరస ఆమెకు కళ్ళు మూసుకున్నా వచ్చు.

ఇవాళ మాత్రం ఆమె మూడో దుంగను ఏటవాలుగా పెట్టింది. నాలుగోది దాని మీద పడి, పక్కన మనిషి దూరేంత సందు వదిలింది.

చివరికి కౌకో, కడ్డీల కొసలు తాకిన ఆ లోడు చుట్టూ ఒకసారి నడిచి వచ్చాడు.

"ఎన్ని పట్టాయి?"

"పదకొండు."

"నిన్న పంతొమ్మిది పట్టాయి. రాత్రికి రాత్రి ట్రైలర్ కుంచించుకుపోయిందా?"

"దుంగలు వంకరగా ఉన్నాయి."

"దుంగలా?" కౌకో నవ్వాడు. "ఇది అన్నయ్య నేర్పిన చెయ్యి కాదు, వదినా. ఇలా పేరిస్తే మూడు ట్రిప్పులు అయిదవుతాయి."

"అయితే ఏం?"

"అయిదైనా ఆరైనా, ఆఖరిది ఒకటుంటుంది కదా."

ముప్ఫై ఒక్క ఏళ్ళు మునిసిపాలిటీ నీళ్ళ పరీక్షశాలలో పనిచేసిన మనిషి ఐలా. కొలవని అంకె ఒక్కటి కూడా రాయలేదు. అలాంటిది నాలుగు రోజులుగా ఒక తప్పుడు లెక్కను ఇంట్లో తిరగనిస్తోంది.

మొదటి లోడు రోడ్డు పక్కకు చేరింది. రెండోదానికి వెనక్కి వచ్చేటప్పుడు ఐలా బండి వెనకే నడిచింది. చర్చి మలుపు దగ్గర అర్వో చెట్టు మొద్దు కనిపించింది. మంచు మీద తెల్లగా, పళ్ళెమంత.

కౌకో ట్రాక్టరును అక్కడే ఆపాడు. ఇంజను ఆపలేదు.

"కౌకో, నీకో మాట చెప్పాలి."

"సావో మనిషి మాట చెబితే పూచీ వినేవాడిదంటారు. కాస్త ఆలోచించి చెప్పు. నా నెత్తిన ఇప్పటికే చాలా ఉంది."

"ఈ చెట్టు..."

"గొలుసు వదులైనట్టుంది, చూస్తానుండు." అతను దిగి, టైరు గొలుసును ఊరికే ఒకసారి తన్నాడు. అది బిగువుగానే ఉంది.

"కౌకో."

"మోటారు రంపం పొట్టు ముతగ్గా పడుతుంది, వదినా," అన్నాడు అతను గొలుసుతో మాట్లాడుతున్నట్టు. "ఇక్కడ గురువారం ఉదయం పొట్టు పిండిలా ఉంది. చేతిరంపం. మూడుచోట్ల మొదలుపెట్టి వదిలేశారు. మంచులో రెండు మోకాళ్ళ గుంటలు. బుధవారం నేను హోసు పైపు కోసం పట్నం పోయాను. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని పదిహేనేళ్ళయింది."

ఐలా మొద్దువైపు చూసింది. రుజువులన్నీ అక్కడే ఉన్నాయి. వాటిని చదవగలిగేవాడు ఇంకొకడు ఉంటాడన్నది ఒక్కటే ఆమె లెక్కలోకి రాలేదు.

"తెలిసీ నీ మీద వేసుకున్నావా?"

"దుంగను అడుగున, గుర్తు కిందికి పెట్టి తెచ్చాను. పొయ్యికర్రల్లో కలిపేద్దామనుకున్నాను. దించేటప్పుడు పంజా పట్టు తప్పింది. అమ్మ చూసింది. ఏదో ఒకటి అనాలి కదా, నోటికి రిబ్బను వచ్చింది."

"నన్ను చెప్పుకోనివ్వాల్సింది."

"అమ్మ తిట్లకి నా వీపు అలవాటు పడింది. రెండు రోజులు తిట్టి ఊరుకుంటుందనుకున్నాను. పొమ్మంటుందనుకోలేదు." అతను తొడుగులు విదిలించాడు. "నువ్వు ఇప్పుడు చెప్పకు."

"నువ్వు పోతావా అయితే?"

"నేను పోతే ఇంట్లోంచి ఓ పనివాడు పోతాడు. నువ్వు పోతే ఆవిడకి గ్లాసు మంచినీళ్ళిచ్చే మనిషి పోతుంది. కర్ర మోసేవాళ్ళని ఎవరినైనా పిలవచ్చు. ఇది లోడు లెక్క, వదినా. ఏది అడుగున పెడితే బండి ఒరగదో అది అడుగున పెట్టాలి."

"ఎందుకు కొట్టానని అడగవా?"

"అడగను."

"ఎందుకని?"

"చెబుతావేమోనని."

కౌకో మళ్ళీ ట్రాక్టరు ఎక్కాడు. రెండో లోడును ఐలా సరిగ్గానే పేర్చింది. ఇరవై పట్టాయి. ఇరవయ్యో దుంగ పెట్టి క్రేన్ ముడిచేసరికి ఆమెకు ఒక సంగతి తెలిసింది: తాను వంకరగా పేర్చింది కౌకోను ఆపడానికి కాదు. చెప్పాల్సిన సమయాన్ని దూరం జరపడానికి.

"మూడోది నువ్వొక్కడివే చెయ్యగలవా?"

"అన్నయ్య లేకుండా చేస్తున్నాగా." అతను ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "వదినా. వద్దు."

ఆమె అప్పటికే ఇంటిదారి పట్టింది.

*

సైమి వంటింటి బల్ల దగ్గరే ఉంది. చేప పెట్టి కాల్చిన రై రొట్టె కోయకుండా అలాగే ఉంది. ఆమె ముందు అడవిలో వాడే రిబ్బను ఉండలు రెండు ఉన్నాయి. కళ్ళజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి, వాటిని కిటికీ వెలుతురులోకి ఎత్తి చూస్తోంది.

"ఐలా, ఇలా రా. ఇది ఏ రంగు?"

"ఎరుపు, అత్తయ్యా."

"ఇది?"

"నీలం."

"నాకూ అలాగే కనిపిస్తున్నాయి." సైమి రెండు ఉండలనూ బల్ల మీద జాగ్రత్తగా, ఒకదానికొకటి తగలకుండా పెట్టింది. "అదే నాకు భయంగా ఉంది."

ఐలా కోటు విప్పకుండానే కూర్చుంది.

"నేను కట్టింది నీలం. ముడివేస్తూ పైకి కూడా అన్నాను, నీలం అని. అరవై ఏళ్ళు అడవి మనిషి ఇంట్లో కాపురం చేసి ఆ మాత్రం తెలియదా? కానీ వాడు ఎరుపు చూశానన్నాడు. వాడు సోమరిపోతే కానీ గుడ్డివాడు కాదు." ఆమె గొంతు తగ్గింది. "మా అమ్మకి ఇలాగే మొదలైంది. ముందు రంగులు. తరవాత రోజులు. ఆ తరవాత మమ్మల్నే ఎవరని అడిగేది."

"అత్తయ్యా..."

"రేపు నర్సుకి ఫోన్ చెయ్యి. నా బుర్ర పరీక్ష చేయించమను. వాణ్ణి పొమ్మన్నది కోపంతో అనుకుంటున్నావా? నా తప్పు వాడు కళ్ళారా చూశాడు. వాడు ఎదురుగా ఉన్నంతసేపూ నాకు ఆ ఎర్ర ముడే కనిపిస్తోంది. నా చేతులతో నేనే వాళ్ళన్నయ్యని..." సైమి మాట మింగింది. "వాడు ఇక్కడుండి నేను రోజురోజుకీ ఇలా అయిపోవడం చూడక్కర్లేదు."

నాలుగు రోజులుగా ఆ ముసలి మనిషి తన కళ్ళు సరిగ్గా చూసినదాన్ని తప్పని నమ్మడానికి ప్రయత్నిస్తోందని ఐలాకు అప్పుడు అర్థమైంది. చెట్టు కొట్టడం ఒక తప్పు. ఇది ఇంకొకటి. సరైన కొలతను కొలిచిన మనిషి చేతే చెరిపించడం. ఐలా ఎరిగిన నీతిలో రెండోదే పెద్దది.

ఆమె కోటు జేబులోంచి ఒక గుడ్డపీలిక తీసి బల్ల మీద పెట్టింది. ముడి విప్పిన మడతలు ఇంకా అందులో ఉన్నాయి.

నీలం రిబ్బను.

"మీరు కట్టింది ఇదే. మీ కళ్ళు బాగానే ఉన్నాయి. నేను దీన్ని విప్పి, బుధవారం చేతిరంపంతో చెట్టు కోశాను. మధ్యాహ్నం మొదలుపెడితే కాఫీ వేళ దాకా పట్టింది. కౌకో దాన్ని ముట్టుకోలేదు."

సైమి రిబ్బనును వేలితో తాకింది. తీసుకోలేదు.

"వాడికి తెలుసా?"

"మొద్దు చూసి తెలుసుకున్నాడట. నాకు ఇవాళే చెప్పాడు."

"నిన్ను కాపాడ్డానికి నన్ను పిచ్చిదాన్ని చేశాడా?"

"అలా అవుతుందని అతనికి తోచలేదు. నాకూ తోచలేదు."

"తోచదు. ఈ ఇంట్లో ఎవరికీ ఏదీ టైముకి తోచదు. వాడు రానీ. నీ ద్వారా కాదు, నేనే మాట్లాడతాను. ఆ బస్సు వాణ్ణి ఎక్కించుకోకుండానే పోతుంది, నేను తిట్టడం అయ్యేసరికి." సైమి ఊపిరి తీసుకుంది. "ఇక నువ్వు. నువ్వు ఎందుకు చేశావు?"

ఐలా సిద్ధం చేసుకున్న జవాబులు రెండున్నాయి. చెట్టు బండిదారికి అడ్డంగా ఉందన్నది ఒకటి. మూఢనమ్మకం మీద గౌరవం లేదన్నది రెండోది. రెండూ నోటిదాకా వచ్చి, అబద్ధాలని తేలి, ఆగిపోయాయి.

"అర్వో రోజూ పొద్దున్నే కిటికీ బయటి థర్మామీటరు చూసి ఎన్ని డిగ్రీలో చెప్పేవాడు," అంది చివరికి. "నేను కాదనేదాన్ని. ఒక డిగ్రీ ఎక్కువనో తక్కువనో. ఇద్దరం బూట్లేసుకుని వెళ్ళి దగ్గర్నుంచి చూసేవాళ్ళం. ముప్ఫై ఏళ్ళు. ఇప్పుడు నేనే చూస్తాను, నేనే చెబుతాను. అది తప్పనేవాళ్ళు లేరు."

సైమి కళ్ళజోడు తీసి రిబ్బను పక్కన పెట్టింది.

"నాకు నమ్మకం లేదు, అత్తయ్యా. చనిపోయినవాళ్ళు నడవరు. అది నాకు తెలుసు. కానీ ఆ దారిన బండితో పోయినప్పుడల్లా, అతను ఇంటికి రాకూడదని ఒక చెట్టు మీద మనమే రాసిపెట్టినట్టు కనిపించేది. రాలేకపోవడం వేరు. రావద్దని మనం చెప్పడం వేరు. నూటికి ఒక్క వంతు, వెయ్యికి ఒక్క వంతు... అయినా ఆ దారిని నేనెందుకు మూసి ఉంచాలి అనిపించింది."

"మూసి ఉంచింది నిన్ను బాధపెట్టడానికి కాదే," అంది సైమి. "వాడు మంచులో తిరక్కుండా ఒకచోట పడుకుంటాడని."

"తెలుసు."

"తెలిసే కొట్టావు."

"తెలిసే కొట్టాను. నన్ను పొమ్మంటే పోతాను."

దూరంగా, రోడ్డువైపు, దుంగ మీద దుంగ పడిన చప్పుడు వినిపించింది. కౌకో మూడో లోడు దించుతున్నాడు. సైమి ఆ చప్పుళ్ళను ఒక్కొక్కటిగా వింటున్నట్టు తల వంచుకుంది. ఆమె పెదవులు ఏదో మాటకు కదిలి, మానుకున్నాయి. ఐలా ఆ మాట 'వెళ్ళిపో' అయి ఉంటుందనుకుని చేతులు బల్ల మీదనుంచి తీసేసింది.

సైమి ముందుకు వంగింది. గోడలకు కూడా వినపడకూడదన్నంత చిన్న గొంతుతో అడిగింది.

"వచ్చాడా?"

ఐలాకు ముందు ప్రశ్న అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. ఎదురుగా ఉన్న ముఖంలో నాలుగు రోజుల కోపమూ లేదు, ఎనభై నాలుగేళ్ళ ఆచారమూ లేదు. అక్కడున్నది ఒక తల్లి ఆశ ఒక్కటే, చాలా భయంతో.

అబద్ధం చెప్పడం తేలిక. ఒక అడుగుల చప్పుడు చాలు, గడప దగ్గర ఒక చల్లగాలి చాలు.

"రాలేదు, అత్తయ్యా," అంది ఐలా. "బుధవారం రాత్రి నుంచి మేలుకునే ఉన్నాను. రాలేదు."

సైమి తల ఊపింది. ఒకసారి కాదు, చాలాసార్లు, ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు.

"చెట్టు దగ్గర ఆగలేదు. చెట్టే లేదు కదా. ఇంటికీ రాలేదు." ఆమె ఐలా చేతిని వెతికి పట్టుకుంది. ఆ చేతివేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. "మరి నా బిడ్డ ఎక్కడున్నాడే?"

ఆ ప్రశ్నకు ఐలా దగ్గర జవాబుంది: ఎక్కడా లేడు. పెద్దదైనప్పటి నుంచీ ఆమె నమ్ముతూ వచ్చినది ఆ ఒక్క జవాబునే. సైమి తలెత్తి, చెయ్యి వదలకుండా, దానికోసమే ఎదురుచూస్తోంది.